చీపురు పట్టిన కోడళ్ళు

అత్తగారు బస్తా మీద నుంచి లేవలేదు.

అది గడ్డి విత్తనాల బస్తా. హార్బిన్ వారి ఇంటి వెనక వసారాలో, విరిగిన కుర్చీల చాటున కోడలు ఒపాలీన్ దాన్ని దాచిపెట్టడం, ఎనభై దాటిన జెల్ఫియా వాసన పట్టినట్టు వచ్చి దాన్ని పట్టుకోవడం కిందటి వారం భాగంలోనే చూశాం. "ఇది మొలిస్తే నా సమాధి మీదే మొలవాలి" అంటూ ఆవిడ చేతికర్ర గోడకు చేరేసి దాని మీద కూర్చుంది. మనం అక్కడితో వదిలి వచ్చేశాం. ఆవిడ మాత్రం కదల్లేదు. మధ్యాహ్నం భోజనం కూడా బస్తా మీదికే తెప్పించుకుంది. గ్లాసెడు మజ్జిగలో నలిపిన మొక్కజొన్న రొట్టెను చెంచాతో తింటూ, కోడలి వంక చూడకుండా పెరట్లో కోళ్ళను చూస్తోంది.

"నడుం పట్టేస్తుంది అత్తయ్యా, లోపలికి రండి," అంది ఒపాలీన్.

"నీ నడుం పేరు చెప్పి విత్తనాలు కొన్నావు. ఇప్పుడు నా నడుం పేరు చెప్పి లేపుతున్నావా?"

తగువు ఈనాటిది కాదు. సోరెల్ గ్యాప్‌లో అందరి ఇళ్ళ ముందూ పచ్చిక వచ్చి చాలా కాలమైంది. శనివారం పొద్దున్నే మగవాళ్ళు యంత్రాలతో దాన్ని కత్తిరిస్తుంటే ఊరంతా పచ్చివాసన. ఒక్క హార్బిన్ వారి వాకిలే, పూర్వపు రోజుల్లోలాగా, గడ్డిపోచ లేని ఎర్రమట్టి. రోజూ సాయంత్రం డాగ్‌వుడ్ చెట్టు బరికెల చీపురుతో, గీతలు ఒక్క వైపుకే పడేలా, వెనక్కి నడుస్తూ ఊడవాలి. ఊడ్చిన వాకిలి మీద ఎవరూ కాలు పెట్టకూడదు. పక్కన పరిచిన చెక్కల మీద నుంచి రావాలి, పాస్టరుగారైనా సరే. కాపురానికి వచ్చిన మర్నాడు చేతిలో పెట్టిన ఆ చీపురును ఒపాలీన్ ఇప్పటిదాకా దించలేదు. పిల్లల్ని కన్న వారాల్లో మాత్రం జెల్ఫియా ఊడ్చింది. అది కూడా అప్పు ఇచ్చినట్టే ఊడ్చింది.

మొగుడు హోయిట్ వచ్చి తీర్పు చెబుతాడేమోనని ఒపాలీన్ మధ్యాహ్నం కాస్త ఆశపడింది. హోయిట్ ఊళ్ళో మంగలి. తన కుర్చీలో కూర్చున్నవాడు ఏమన్నా నిజమేనంటూ ఇన్నేళ్ళూ బతుకు వెళ్ళదీశాడు. ఇంట్లోనూ అదే పద్ధతి, ఎవరు కూర్చుని ఉంటే వాళ్ళ పక్షం. ఆ రోజు అమ్మ కూర్చుని ఉంది. అతను వచ్చి, బస్తాను చూసి, తల్లిని చూసి, ఎండ బాగా ఉందని చెప్పి దుకాణానికి వెళ్ళిపోయాడు.

మామూలు రోజుల్లో అయితే ఒపాలీన్ కూడా ఊరుకునేదే. కానీ శనివారం దగ్గర పడుతోంది.

అమెరికాకు రెండు వందల ఏళ్ళు నిండిన ఆ వేసవిలో చరిత్ర లేని ఊరు బతకడం కష్టమైపోయింది. పక్క ఊళ్ళన్నీ ఏదో ఒకటి తవ్వి తీశాయి. ఒకరికి యుద్ధం జరిగిన మైదానం దొరికింది, ఒకరికి గవర్నరు పుట్టిన గది దొరికింది. సోరెల్ గ్యాప్‌కు దొరికింది హార్బిన్ వారి వాకిలి. ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం జరిగిన కాలంలో నీలిచొక్కాల ఉత్తరాది సైన్యం ఊరు తగలబెట్టడానికి వచ్చిందనీ, హోయిట్ ముత్తవ్వ కెజయా ఒంటరిగా చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి "ఇప్పుడే ఊడ్చాను, అడుగు పెట్టారో చూడండి" అందనీ, కెప్టెన్ టోపీ తీసి దణ్ణం పెట్టి సైన్యాన్ని వెనక్కి తిప్పాడనీ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. శనివారం బ్యాండు మేళంతో ఆ ఘట్టం ఆడి చూపించి, ఇనుప ఫలకం పాతుతారు. ఫలకం పడ్డ చోటును ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలని నిబంధన. అంటే మట్టి మట్టిగానే ఉండాలి, రోజూ ఊడుస్తూనే ఉండాలి. ఫలకం భూమిలో దిగిందంటే ఒపాలీన్ చీపురు కిందపెట్టేది ఇక శవపేటికలోనే. అందుకే ఈలోగా గడ్డి చల్లేద్దామనుకుంది. మొలిచాక ఎవరేం చేయగలరు?

ఇదంతా ఆలోచించిపెట్టింది హోయిట్ అక్క మర్టిస్. చరిత్ర సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. పుట్టింటి పరువు ఇనుములో పోతపోయించే అవకాశం ఎవరికి వస్తుంది?

మూడు దాటాక మర్టిస్ చెక్కల మీద టకటకా నడుచుకుంటూ వచ్చింది. చేతి మీద కెజయా వేషానికి కుట్టిన పొడుగు గౌనూ, ఎండ టోపీ. కెజయా పాత్ర ఒపాలీన్‌ది. ఎలాగూ చీపురు అలవాటే కదా అని మర్టిస్ తేల్చేసింది. కెప్టెన్ పాత్రకే పెద్ద గొడవ అయింది. నీలికోటు తొడుక్కోవడానికి బాప్టిస్టు చర్చివాళ్ళలో ఒక్కడూ ఒప్పుకోలేదు, మెథడిస్టు చర్చివాళ్ళు నవ్వి ఊరుకున్నారు. చివరికి ఉత్తరాదిన ఒహాయో నుంచి వచ్చి స్థిరపడ్డ పళ్ళ డాక్టరును పట్టుకున్నారు. ఆయన వచ్చి పద్దెనిమిదేళ్ళయినా, అసలు ఆయన్ని ఇన్నాళ్ళూ ఉండనిచ్చింది ఇందుకేనన్నట్టు అందరూ మాట్లాడారు.

"అమ్మా, బస్తా మీద ఎందుకు కూర్చున్నావు?" అంది మర్టిస్.

జెల్ఫియా కోడలి వంక చూసింది. ఆ బస్తా అమ్మింది సాక్షాత్తూ మర్టిస్ మొగుడు క్లీటస్. అతనికి విత్తనాల దుకాణం. భార్యకు తెలిస్తే తనను ఆ బస్తాలోనే కుట్టేస్తుందని చెప్పి, చీకటి పడ్డాక తెచ్చి వసారాలో దింపి వెళ్ళాడు.

"కోళ్ళ దాణా," అంది జెల్ఫియా. "మెత్తగా ఉంది."

అత్తగారు తనను కాపాడిందని ఒపాలీన్‌కు అర్థమవడానికి కాసేపు పట్టింది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. దానికి సంతోషించాలో, భయపడాలో తెలియలేదు.

మర్టిస్ గౌను కొలతలు చూస్తూనే ఫలకం మీద రాయబోయే మాటలు కంఠస్థంగా వినిపించింది. "ఈ వాకిట వీరవనిత కెజయా హార్బిన్ శత్రు సేనలను ఎదిరించి నిలిచెను. యుద్ధభూమిలో అసువులు బాసిన భర్త లెమ్యుయెల్ హార్బిన్ స్మృతికి..." అని ఆవిడ గొంతు వణికే చోట వణికిస్తుంటే, బస్తా మీద నుంచి ఒక చప్పుడు వచ్చింది. కోడి గొంతులో గింజ ఇరుక్కుంటే వచ్చే చప్పుడు లాంటిది. ఇద్దరూ తిరిగి చూశారు. జెల్ఫియా మూతి తుడుచుకుంటోంది.

"మజ్జిగ అడ్డం పడింది," అంది.

రాత్రి భోజనానికి క్లీటస్‌తో కలిసి వస్తానని, అప్పుడు అందరి ముందూ ఒకసారి ఆడి చూసుకుందామని చెప్పి మర్టిస్ వెళ్ళింది. ఆవిడ అడుగుల చప్పుడు చెక్కల చివర ఆగిపోయేదాకా జెల్ఫియా మాట్లాడలేదు.

"సైన్యమట," అంది తర్వాత. "నేను కాపురానికి వచ్చినప్పుడు పదిమంది సైనికులే. మర్టిస్ బడికి వెళ్ళే రోజులకు యాభై అయ్యారు. ఇప్పుడు ఫిరంగులు కూడా ఉన్నాయట."

"మరి అసలు ఎంతమంది అత్తయ్యా?"

"ఒక్కడు."

ఒపాలీన్ గౌను మడతపెట్టడం ఆపింది. జెల్ఫియా పక్కకు జరిగి బస్తా మీద కాస్త చోటు చేసింది. కూర్చోమనడం ఆవిడ భాషలో అలాగే ఉంటుంది. ఇద్దరూ గడ్డి విత్తనాల మీద భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నారు.

జెల్ఫియా చెప్పిన సంగతి ఇది. లెమ్యుయెల్ యుద్ధంలో చావలేదు. పత్తి దొరల బానిసల్ని దొరలకే ఉంచడానికి తను చావడమెందుకని దక్షిణాది సైన్యం వదిలి పారిపోయి వచ్చాడు. ఈ కొండల్లో అలా వచ్చినవాళ్ళు చాలామందే. చలికి దారిలో ఎవరిదో నీలికోటు తొడుక్కున్నాడు. రెండేళ్ళుగా కబురూ కాకరకాయా లేని మనిషి, పొద్దున్నే, కెజయా అప్పుడే ఊడ్చి ముగించిన వాకిలి మీద బురద బూట్లతో నడుచుకుంటూ వచ్చేశాడు. కెజయా నీలికోటును చూసింది, బూట్లను చూసింది, చీపురు ఎత్తింది.

"పాపం, మొగుడని గుర్తుపట్టలేదా?"

"నోరు తెరిచి పేరు పెట్టి పిలవగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టాక ఇంకా గట్టిగా కొట్టింది."

ఒపాలీన్ నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. జెల్ఫియా కూడా నవ్వింది, పళ్ళు లేని చోట చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ నవ్వు తగ్గాక మిగతాది చెప్పింది. ఎదురింటి వాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. ఆ ఇంటి పెద్దే పారిపోయి వచ్చినవాళ్ళను పట్టించేవాడు. పట్టుబడితే ఉరి. దాచిన ఇల్లాలి గాదె తగలబెడతారు. కెజయా చంకలో పసివాడు. కోపం ఎంతో, భయం ఎంతో ఆవిడకే తెలియదు. రోడ్డు దాకా కొట్టుకుంటూ వెళ్ళి, శత్రువు వచ్చాడు, తరిమేశానని ఊరికి వినిపించేలా అరిచింది. లెమ్యుయెల్ వెనక్కి చూడకుండా ఏరు దాటాడు. అవతలి ఒడ్డున గూల్స్‌బీ అనే వితంతువు ఇంటి గేటు విరిగి ఉంటే బాగుచేశాడు. తర్వాత పైకప్పు బాగుచేశాడు. జనం గూల్స్‌బీ అని పిలిస్తే పలికాడు. అలాగే ఉండిపోయాడు.

ఏటి అవతలి గూల్స్‌బీలు. సోరెల్ గ్యాప్ వాళ్ళు వాళ్ళకు పిల్లనివ్వరు, వాళ్ళ దగ్గర పంది మాంసం కొనరు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు, వాళ్ళ చెవులు చూడండి అంటారు. ఒపాలీన్‌కు ట్రూయెట్ గూల్స్‌బీ గుర్తుకొచ్చాడు. సంతలో పుచ్చకాయలు అమ్ముతాడు. చేటల్లా విచ్చుకున్న చెవులు. తర్వాత తన మొగుడు గుర్తుకొచ్చాడు. తన చేట చెవుల చుట్టూ జుట్టు కత్తిరించడం ఎవరి వల్లా కాదనే హోయిట్ మంగలి పని నేర్చుకున్నాడని ఊళ్ళో వేళాకోళం చేస్తారు.

"ఏటేటా పూలు పెడుతున్నామే చర్చి పక్కన, ఆ సమాధిలో ఎవరున్నారు మరి?"

"ఎవరూ లేరు. రాయి ఒక్కటే. చాలా మంచి రాయి."

ఒపాలీన్ లేచి నిలబడింది. ఇంతకాలం మోసిన బరువు ఒక్కసారి దించుకున్నట్టు ఉంది ఆమెకు. సైన్యం లేదు, కెప్టెన్ లేడు. ఉన్నదల్లా మొగుడూ పెళ్ళాల కొట్లాట. అలాంటివి ప్రతి వాకిట్లోనూ జరుగుతాయి, దానికి ఫలకాలు పాతితే ఊళ్ళో నడవడానికి చోటుండదు. ఈ మాట మర్టిస్‌కు చెబితే చాలు, ఫలకం పోతుంది, చీపురు పోతుంది. ఆదివారమే గడ్డి చల్లుకోవచ్చు. అదే పైకి అనేసింది.

"చల్లుకో," అంది జెల్ఫియా. "కాకపోతే కెజయా సాయంత్రం పూట ఎందుకు ఊడ్చేదో కూడా విను. పొద్దున ఊడ్చే వాకిలిని ఆ రోజు నుంచి సాయంత్రానికి మార్చింది. పాములు తిరిగితే జాడ తెలుస్తుందని ఎవరడిగినా చెప్పేది. పాములు కాదు. రాత్రి పూట వస్తాడేమోనని. వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, పిలవడానికి మొహం చెల్లక వెళ్ళిపోతాడేమోనని. పొద్దున్నే లేచి టోపీ కూడా పెట్టుకోకుండా వచ్చి అడుగులు వెతికేది. నేను వచ్చేసరికి ఆవిడకు చూపు ఆనేది కాదు. నన్ను చూసి చెప్పమనేది."

"మీరేం చెప్పేవారు?"

"ఉన్నదే చెప్పేదాన్ని. కోడి నడిచింది, పిల్లి నడిచింది అని."

తన పిల్లల్లో ఎవరికీ కెజయా ఈ మాట చెప్పలేదట. రక్తసంబంధం ఉన్నవాళ్ళు పరువు చూసుకుంటారని, చీపురు పట్టిన కోడలికే చెప్పిందట. ఆ కోడలు తన కోడలు జెల్ఫియాకు చెప్పింది. జెల్ఫియా ఒపాలీన్‌కు ఎప్పుడో చెప్పాల్సింది.

"నువ్వు వచ్చిన మొదటి నెల నుంచే పచ్చిక పచ్చిక అన్నావు. నీకేం చెప్పను?"

ఒపాలీన్‌కు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఇన్నేళ్ళ సాయంత్రాలు. సినిమాకు వెళ్ళబోతూ ఊడ్చిన సాయంత్రాలు, జ్వరంతో ఊడ్చినవి, తన తండ్రి పోయిన కబురు వచ్చిన రోజు కూడా ఊడ్చి బయల్దేరిన సాయంత్రం. ఎవరి అడుగుల కోసం? తన మొగుడు కూడా కాదు, ఎవరి మొగుడో. అతను ఏటి అవతల తిని, పడుకుని, ముసలివాడై, ఎప్పుడో మట్టిలో కలిసిపోయాడు.

"ఆయన ఇంక రాడు అత్తయ్యా," అంది. "ఆవిడా లేదు. మరి మీరెందుకు మానలేదు?"

జెల్ఫియా చాలాసేపు గ్లాసు అడుగున మిగిలిన రొట్టె ముక్కను చెంచాతో వెతికింది.

"మానేస్తే ఆవిడ ఒక్కతే ఎదురుచూసినట్టు అవుతుంది కదా, అమ్మాయ్."

చేతికర్ర అందుకుని, ఎవరి సాయమూ లేకుండా బస్తా మీద నుంచి లేచింది. తన కిందున్నదాన్ని ఒకసారి అరచేత్తో తట్టి లోపలికి వెళ్ళిపోయింది. బస్తా ఇప్పుడు ఒపాలీన్‌దే. పొద్దుటి నుంచీ దానికోసమే పోట్లాడింది. తీరా చేతికొచ్చాక దాన్ని ఏం చేయాలో తోచలేదు.

ఆ సాయంత్రం ఆమె వాకిలి ఊడ్చింది. వెనక్కి నడుస్తూ, గీతలు ఒక్క వైపుకే పడేలా. ఊడ్చినంతసేపూ ఆలోచించింది. మర్టిస్‌కు నిజం చెబితే ఊరు కెజయాను చూసి నవ్వుతుంది. చెప్పకపోతే అబద్ధం ఇనుములో పోతపోసి, దాని కింద తను చచ్చేదాకా ఊడవాలి. రెంటికీ మనసు ఒప్పలేదు. గడ్డి కావాలి. గడ్డి కింద ఆ ముసలావిడను తొక్కేయడం మాత్రం ఇష్టం లేదు. చీపురు గోడకు చేరేసి, లోపలికి వెళ్ళి, ఫోనున్న చిన్న గది తలుపు వేసుకుంది. హోయిట్ దుకాణం నుంచి వచ్చేసరికి కూడా ఆ తలుపు వేసే ఉంది. అతను వంటింట్లోకి తొంగిచూసి, ఎవరూ కూర్చుని లేకపోవడంతో ఎటూ తేల్చుకోలేక నిలబడిపోయాడు.

భోజనాల దగ్గర క్లీటస్ వెనక వసారా వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడ్డాడు. బెండకాయ వేపుడు అడగబోయి గడ్డి అన్నాడు, దగ్గి సర్దుకున్నాడు. మర్టిస్ గమనించలేదు. డాక్టరుగారు గుర్రం ఎక్కగలడా, లేకపోతే కారులో దిగి టోపీ తీస్తాడా అన్నది ఆవిడ బెంగ. హోయిట్ రెండూ మంచివేనన్నాడు. జెల్ఫియా చిక్కుడు గింజలు తప్ప ప్రపంచంలో ఇంకేదీ లేనట్టు తింటోంది.

"ఒపాలీన్, తిన్నాక ఆ గౌను వేసుకో. సైన్యాన్ని చూడగానే చీపురు ఎలా ఎత్తుతావో ఒకసారి చూడాలి," అంది మర్టిస్. "మరీ గట్టిగా ఎత్తకు. కెజయా పరువుగల మనిషి."

జెల్ఫియా చెంచా ఆగింది.

ఒపాలీన్ రొట్టెల పళ్ళెం హోయిట్ ముందుకు జరిపింది, అందరి గ్లాసుల్లోనూ చల్లటి టీ నింపింది, తన కుర్చీలో కూర్చుంది. గొంతు పెంచలేదు. ఉప్పు ఇటివ్వండి అన్నట్టే చెప్పింది.

"వదినా, సాయంత్రం నేను ట్రూయెట్ గూల్స్‌బీ వాళ్ళ అమ్మగారికి ఫోన్ చేశాను."

మర్టిస్ మొహంలోకి సంతలో పుచ్చకాయ పగిలిందని విన్నప్పుడు వచ్చేపాటి ఆశ్చర్యమే వచ్చింది. పుచ్చకాయల కోసమా అని అడిగింది.

"కాదు. లెమ్యుయెల్ తాతగారి గురించి. నేను పేరు ఎత్తగానే ఆవిడ ఏడ్చింది. మన వైపు నుంచి ఎవరైనా అడుగుతారని వాళ్ళింట్లో మూడు తరాలుగా చూస్తున్నారట. ఆయన ఏరు దాటి ఈ వాకిట్లోకి మళ్ళీ వచ్చాడట. ఒకసారి కాదట, చాలాసార్లు."

జెల్ఫియా తల ఎత్తింది. ఆవిడ కళ్ళల్లో అంత భయం ఒపాలీన్ ఎప్పుడూ చూడలేదు.

"అడుగులేవీ లేవు," అంది జెల్ఫియా. "నేను చూశాను కదా. ఒక్కనాడూ లేవు."

"ఆ సంగతి ఫోనులో చెప్పనన్నారు అత్తయ్యా. కెజయా కూర్చున్న చోట కూర్చుని చెప్పాలట."

హోయిట్ అటూ ఇటూ చూసి, ఎవరి పక్షమో తేల్చుకోలేక, మొట్టమొదటిసారి తనంతట తానే ఒక మాట అడిగాడు. లెమ్యుయెల్ తాతకూ గూల్స్‌బీలకూ ఏమిటి సంబంధం అని. క్లీటస్ బావమరిది చెవుల వంక చూసి, రొట్టె నోటి దాకా తీసుకెళ్ళి ఆపేశాడు.

"అందుకని ఒకటి అనుకున్నాను," అంది ఒపాలీన్, ఒళ్ళో రుమాలు సరిచేసుకుంటూ. "శనివారం ఫలకం పాతేముందు గూల్స్‌బీలంతా మనింట్లో భోజనం చేస్తారు. పిల్లలతో సహా పిలిచేశాను. వాళ్ళు చెప్పేది విన్నాకే నేను గౌను వేసుకునేదీ లేనిదీ. చెక్కల మీద నుంచి రావక్కర్లేదని, వాకిలి మీద నుంచే నడిచి రమ్మని చెప్పాను."